జకాత్ సొమ్ముతో కొన్న యూనిఫాం

గడచిన రంజాన్‌కు కొద్ది రోజుల ముందు మా మొహల్లా కమిటీ దగ్గరకు ఒక తల్లి వచ్చింది. భర్త పోయి ఆరేళ్ళయింది. ఇంటర్ తప్పిన కొడుక్కి ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో పని దొరికిందనీ, సోమవారం నుంచి ఒక షాపింగ్ కాంప్లెక్స్ గేటు దగ్గర డ్యూటీ అనీ చెప్పింది. అయితే చేరేలోపు రెండు జతల యూనిఫాం, బెల్టు, టోపీ, బూట్లు ఏజెన్సీ చూపిన దుకాణంలోనే కొనుక్కోవాలట. మొత్తం రూ.2,800. "భాయ్‌సాబ్, నౌకరీ దొరికింది గానీ నౌకరీలో చేరడానికి పైసలు లేవు" అన్నదామె.

కమిటీలో చర్చ ఐదు నిమిషాలైనా జరగలేదు. వితంతువు, అర్హురాలు, కొడుకు సంపాదనలో పడితే రేపు మళ్ళీ చేయి చాచదు. జకాత్ నిధి నుంచి ఆ మొత్తం ఇచ్చాం. రిజిస్టరులో పద్దు రాసినవాణ్ణి నేనే. 'ఉపాధి సహాయం' అని రాసి సంతకం చేశాను. ఆ రాత్రి అందరం తృప్తిగానే ఇళ్ళకు వెళ్ళాం.

ముప్పయి నాలుగేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాడికి ఒక జబ్బు అంటుకుని ఉంటుంది. ఏ పద్దు చూసినా ఈ సొమ్ము చివరకు ఎవరి చేతికి చేరిందని అడుగుతాడు. నేనూ అడిగాను. ఆ తల్లికి చేరలేదు. ఆమె చేతిలో ఒక పూట కూడా నిలవలేదు. కొడుక్కీ చేరలేదు. ఏజెన్సీ తన ఖర్చుతో కొనవలసిన వస్తువును పేదవాడి చేత కొనిపించింది. పేదవాడి దగ్గర లేదు కనుక మొహల్లా కొన్నది. అంటే మేము ఆదుకున్నది ఏజెన్సీ యజమానిని. జకాత్ పుచ్చుకోవడానికి అర్హమైన ఎనిమిది వర్గాలలో సెక్యూరిటీ ఏజెన్సీల యజమానులు లేరని ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఇది ఒక్క కుర్రవాడి సంగతి కాదని తర్వాత తెలిసింది. రిజిస్టరును వెనక్కు తిప్పి చూశాను. గత నాలుగేళ్ళలో ఇటువంటివే పదకొండు పద్దులు కనిపించాయి. ఆస్పత్రిలో ఆయాగా చేరిన స్త్రీకి రెండు చీరలు, ఏప్రన్. ఇంటింటికీ సరుకు చేరవేసే కుర్రవాడికి టీషర్టు, బ్యాగు. ఒక హోటల్లో సర్వరుకు నల్ల ప్యాంటు, వెయిస్ట్‌కోటు, బూట్లు. అన్నింటికీ 'ఉపాధి సహాయం' అనే మేమే పేరు పెట్టాం.

యూనిఫాం ఎవరిది? నా ప్రశ్న అంతే. ఆ గేటు దగ్గర నిలబడిన కుర్రవాడి చొక్కా జేబు మీద ఏజెన్సీ పేరు కుట్టి ఉంది. అది ఏజెన్సీకి ప్రకటన. ఆ చొక్కా తొడుక్కుని వాడు పెళ్ళికి వెళ్ళలేడు, జుమా నమాజుకు వెళ్ళడు, పని మానేసిన మర్నాడు ఇంట్లో గచ్చు తుడవడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదు. దాని రంగు, కోత, ఎన్ని జతలన్నదీ అన్నీ నిర్ణయించినవాడు యజమాని. లాభం పొందేవాడూ యజమానే. డబ్బు మాత్రం పనివాడిది. శుభ్రమైన తెల్ల చొక్కా వేసుకుని రమ్మంటే అది వేరు. ఇంట్లో ఉన్నదే వేసుకువస్తాడు, అదే చొక్కాతో మేనమామ ఇంటికీ పోతాడు. దానిమీద నాకు పేచీ లేదు. బయట ఇంకెక్కడా వేసుకోవడానికి వీలులేని బట్టను ఎవడు పెట్టమన్నాడో వాడే కొని ఇవ్వాలి.

ఇదేదో కొత్త సిద్ధాంతం కాదు. పాత తరంవారు ప్రభుత్వ కచేరీలలో బిళ్ళబంట్రోతులను చూసి ఉంటారు. ఛాతీ మీద అడ్డంగా పట్టీ, దానికి ఇత్తడి బిళ్ళ. ఉర్దూలో చప్రాసీ అన్న మాట కూడా ఆ బిళ్ళకున్న 'చప్రాస్' అనే పేరు నుంచి వచ్చిందే. ఆ బిళ్ళ సర్కారుది. పదవీ విరమణ నాడు తీసి అప్పగించేవాడు. ఏ బంట్రోతూ తన బిళ్ళను బజారులో కొనుక్కున్నట్టు నేను వినలేదు. నా ఉద్యోగకాలంలో అటెండర్లకూ డ్రైవర్లకూ బట్ట కోసం ఇండెంటు పెట్టడం, వచ్చిన బట్టను కొలిచి పంచి సంతకాలు తీసుకోవడం, కుట్టుకూలి బిల్లు ట్రెజరీకి పంపడం నా సీటు పనే. బట్ట ఆలస్యంగా వచ్చేది, ఒక్కోసారి రంగు తేడా వచ్చేది, మా అటెండర్లు నన్ను తిట్టేవారు. అయినా 'నీ డబ్బుతో కుట్టించుకో' అని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కేంద్ర ప్రభుత్వం ఏడవ వేతన సంఘం తర్వాత 2017 జూలై 1 నుంచి ఈ ఖర్చులన్నింటినీ కలిపి దుస్తుల భత్యంగా మార్చింది. యూనిఫాం తప్పనిసరైన కింది స్థాయి సిబ్బందికి, అంటే రైల్వే ట్రాక్‌మన్లు, స్టాఫ్ కారు డ్రైవర్లు, ఆఫీసు సహాయకుల వంటివారికి, ఏడాదికి రూ.5,000గానూ, నర్సులకు నెలకు రూ.1,800గానూ నిర్ణయించింది. కరవు భత్యం 50 శాతం పెరిగినప్పుడల్లా ఈ భత్యం కూడా 25 శాతం పెరగాలన్నారు. బట్ట ధర కూడా పెరుగుతుందన్న ఇంగితం ఆ నిబంధనలో ఉంది.

చట్టసభకు కూడా ఈ సంగతి ఏనాడో తెలుసు. 1951 నాటి తోటల కార్మికుల చట్టం వాన, చలి తట్టుకోవడానికి గొడుగులు, దుప్పట్లు, రెయిన్‌కోట్లు యజమాని ఇచ్చేలా నియమాలు చేయవచ్చునన్నది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం మరో అడుగు ముందుకు వేసింది. డ్రైవర్లకూ కండక్టర్లకూ యూనిఫాం ఇప్పించడమే కాక దానిని ఉతికించుకోవడానికి భత్యం కూడా యజమానే ఇవ్వాలని పదవ సెక్షన్‌లో రాసింది. సొంత ఖర్చుతో ఉతికించే ఏర్పాటు చేసిన యజమానికి మాత్రమే ఆ భత్యం నుంచి మినహాయింపు. అరవై ఏళ్ళ కిందట చాకిరేవు ఖర్చు గురించి కూడా ఆలోచించిన దేశంలో, నేడు బట్ట ఖరీదే పనివాడి నెత్తిన పడుతోంది.

ఎందుకు పడుతోంది? ఆ చట్టాలు కార్మికుడూ యజమానీ ఎదురెదురుగా నిలబడిన కాలానివి. ఇప్పుడు నడుమ కాంట్రాక్టరు వచ్చాడు, కాంట్రాక్టరు కింద సబ్‌కాంట్రాక్టరు, వాడి కింద సూపర్‌వైజరు. మన కుర్రవాళ్ళు ఎక్కువమంది పనిచేసేది ఆ మూడో మెట్టు దగ్గర. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ముస్లింలు సొంత చిన్న పనులలో ఎక్కువగానూ, స్థిరమైన జీతపు ఉద్యోగాలలో తక్కువగానూ ఉన్నారనీ, జీతానికి పనిచేసేవారిలో కూడా రాతపూర్వక ఒప్పందం, సామాజిక భద్రత లేనివారు హెచ్చనీ చూపింది. ఆ నివేదికను మనం రిజర్వేషన్ల చర్చలో వందసార్లు ఉటంకించాం. కాగితం లేని ఉద్యోగంలో జీతపు కోతకు కూడా కాగితం ఉండదన్న సంగతిని మాత్రం అంతగా పట్టించుకోలేదు.

ఇక చట్టం నేడు ఏమంటోంది? 1936 నాటి వేతన చెల్లింపు చట్టం స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. ఈ కోడ్‌ల మీద కార్మిక సంఘాలకు చాలా అభ్యంతరాలున్నాయి, నాకూ కొన్ని ఉన్నాయి. కానీ జీతంలో కోతల విషయంలో పాత చట్టపు సారమే 18వ సెక్షన్‌లో నిలిచింది. చట్టం అనుమతించిన కోతలు తప్ప మరే కోతా జీతం నుంచి విధించరాదు. అనుమతించిన వాటి జాబితా అక్కడే ఉంది. జరిమానా, గైర్హాజరీ, అప్పగించిన వస్తువు పోగొట్టినందుకు నష్టపరిహారం, ఇచ్చిన ఇంటి అద్దె, అడ్వాన్సులు, ప్రావిడెంట్ ఫండ్ మొదలైనవి. యూనిఫాం అన్న మాట ఆ జాబితాలో లేదు. యజమాని కల్పించిన సదుపాయాలకూ సేవలకూ కోత విధించవచ్చునని ఒక అంశం ఉన్నమాట నిజమే. కానీ అందుకు ప్రభుత్వమో, ప్రభుత్వం నియమించిన అధికారో ఉత్తర్వు ద్వారా అనుమతించి ఉండాలి. పైగా ఆ అంశం కిందనే ఒక వివరణ ఉంది. ఉద్యోగానికి అవసరమైన పనిముట్లు, ముడిసరుకు సరఫరా చేయడం 'సేవ' కిందకు రాదు. తాపీ పనివాడికి తాపీ ఇచ్చి దాని ఖరీదు కూలిలో పట్టుకోరాదని దాని అర్థం. యూనిఫాం లేనిదే గేటు దగ్గర నిలబడనివ్వనప్పుడు, ఆ యూనిఫాం గార్డుకు తాపీ వంటిది కాదా? చట్టంలో పనిముట్లు అన్నారే గాని బట్టలు అనలేదని ఏజెన్సీ వకీలు వాదించవచ్చు. వాదించనివ్వండి. అప్పుడు కూడా అనుమతి ఉత్తర్వు చూపవలసిన బాధ్యత అతని మీదే ఉంటుంది.

కోడ్‌లో నాకు అన్నింటికన్నా నచ్చిన వాక్యం మరొకటి. పనివాడు యజమానికి గానీ యజమాని ఏజెంటుకు గానీ చెల్లించే ప్రతి పైసా జీతంలో కోతగానే లెక్క. పాత చట్టంలోనూ ఇది ఉంది. 'మేము జీతంలో ఏమీ పట్టుకోలేదు, వాడే ముందుగా కట్టాడు' అనే తెలివిని 1936లోనే ఊహించి అడ్డుకట్ట వేశారు. మా కుర్రవాడి సంగతిలో ఏజెన్సీ ఇంకొంచెం తెలివి చూపింది. రసీదు దుకాణం పేరు మీద ఉంది. ఏజెన్సీ పేరు ఎక్కడా లేదు. అయితే ఊళ్ళో మరే దుకాణంలో కొన్నా ఒప్పుకోరు. ఆ యూనిఫాం ఖరీదు ఎంత ఉంటుందని మా వీధి దర్జీని అడిగాను. బట్ట, కుట్టుకూలి కలిపి దుకాణం ధరలో సగం చెప్పి, 'ఈ పని మాకు ఎవరిస్తారు చాచా' అన్నాడు. మిగతా సగం ఎటు పోతోందో నా దగ్గర రుజువు లేదు కనుక రాయను.

భద్రతకు సంబంధించిన బూట్లు, చేతి తొడుగులు, హెల్మెట్ల విషయంలో చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. 2020 నాటి వృత్తిపర భద్రత కోడ్ పనిచోట భద్రత, ఆరోగ్యం కోసం చేసే దేనికీ ఉద్యోగి నుంచి రుసుము వసూలు చేయరాదంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒడంబడిక ఇరవై ఒకటో అధికరణంలోనూ ఇదే మాట ఉంది. ఆస్పత్రిలో రక్తపు గుడ్డలు ఎత్తే ఆయా చేతి తొడుగులు ఆమె జీతం నుంచి కొనిపించడం అన్యాయమే కాదు, నేరుగా చట్ట ఉల్లంఘన. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల విషయానికొస్తే, 2005 నాటి చట్టం కింద కేంద్రం రూపొందించిన నమూనా నియమాలు గార్డులకు బ్యాడ్జీలు, విజిల్, లేసుల బూట్లు, టోపీ ఏజెన్సీయే జారీ చేసి, వాటిని ధరించడం తప్పనిసరి చేయాలంటాయి. జారీ చేయడమంటే అమ్మడం కాదని గుమాస్తాగా నేను పూచీ పడగలను.

ఇంతకూ రెండువేల ఎనిమిది వందలకు ఇంత రాద్ధాంతమా అనేవారు ఉంటారు. మా కమిటీలోనే ఉన్నారు. వారికి 1982 నాటి ఢిల్లీ సంగతి చెబుతాను. ఆసియా క్రీడల కోసం స్టేడియాలు, వంతెనలు కడుతున్న కూలీలకు కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టర్లు ఆ మొత్తాన్ని కూలీలను తెచ్చిన జమాదార్లకు ఇచ్చేవారు. జమాదారు తన కమీషన్‌గా ఒక్క రూపాయి తీసుకుని మిగిలిన 8 రూపాయల 25 పైసలు కూలీ చేతిలో పెట్టేవాడు. ఒక్క రూపాయి. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రాటిక్ రైట్స్ దానిమీద సుప్రీం కోర్టుకు వెళ్ళింది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ అవుతుందని జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు చెప్పారు. ఆకలి అనే బలవంతం కూడా బలవంతమేనని ఆ తీర్పు సారాంశం. రూపాయి కోతను సుప్రీం కోర్టు చిన్నదనుకోలేదు. కనీస వేతనం అంచున నిలబడినవాడి మొదటి నెల జీతంలో నాలుగో వంతు బట్టలకు పోతే మనం చిన్నదనుకోవలసిన పని లేదు.

ఈ లెక్కలో నా వాదన బలమంతా ఉందని నా నమ్మకం. యూనిఫాం మార్కెట్లో ఎక్కడైనా కొనుక్కోమని యజమాని అన్నాడనుకోండి. ఏజెంటుకు చెల్లించినట్టు రుజువు చేయడం కష్టమవుతుంది, 18వ సెక్షన్ పట్టు సడలుతుంది. కానీ ఉద్యోగ షరతుగా పెట్టించిన ఖర్చు తీసివేయగా మిగిలింది కనీస వేతనం కన్నా తగ్గితే, ఆ వేతనం నిజంగా చెల్లించినట్టేనా? బ్రిటన్‌లో పనివాడు తప్పనిసరి దుస్తులకు చేసిన ఖర్చును వేతనంలోంచి తీసేసిన తర్వాతనే కనీస వేతనం చెల్లించారా లేదా అని లెక్క కడతారు. దుకాణం ఎవరిదన్న ప్రశ్నే అక్కడ రాదు. మన రాష్ట్ర ప్రభుత్వాలు నియమాలలో ఈ ఒక్క వాక్యం చేర్చితే చాలు, దుకాణం రసీదుల తెలివి అక్కడితో ఆగిపోతుంది. మైనారిటీ సంఘాలు వినతి పత్రాలు ఎన్నో ఇస్తుంటాయి. ఈసారి ఇచ్చే దానిలో ఈ వాక్యం కూడా ఉండాలని నా విన్నపం.

ప్రభుత్వ కార్యాలయాలలో, ఆస్పత్రులలో ఔట్‌సోర్సింగ్ పనివారి సంగతి మరింత విడ్డూరం. నా సర్వీసు చివరి సంవత్సరాలలో ఇటువంటి బిల్లులు నా బల్ల మీదుగా పోయేవి. ఏజెన్సీతో ఒప్పందంలో సిబ్బందికి ఏడాదికి రెండు జతల యూనిఫాం ఏజెన్సీయే సమకూర్చాలని ఒక షరతు ఉండేది. ఏజెన్సీ ఆ ఖర్చు కూడా లెక్కగట్టుకునే టెండరు ధర వేసేది. అంటే ప్రజల డబ్బుతో ప్రభుత్వం ఆ యూనిఫాంకు చెల్లించింది. ఒకనాడు వరండాలో ఊడుస్తున్న మనిషిని అడిగితే, 'రెండు నెలల్లో వెయ్యి వెయ్యి పట్టుకున్నారు సార్' అంది. ఒకే చీరకు రెండుసార్లు డబ్బు వసూలైంది. ఫైలు మీద నోటు రాశాను. 'ఏజెన్సీని వివరణ కోరవలెను' అని పైనుంచి వచ్చింది. కోరాము. వివరణ వచ్చేసరికి ఏజెన్సీ మారిపోయింది. కొత్త ఏజెన్సీ కొత్త రంగు ఎంచుకుంది. మనుషులు వాళ్ళే, చీరలు మళ్ళీ కొత్తవి, కోత మళ్ళీ మొదలు. ఆ ఫైలును నేను అక్కడ వదిలేశాను. పైకి మరోసారి పెట్టవలసింది. పెట్టలేదు.

అందుకే పాఠకులకు ఒక పని చెబుతున్నాను. మీ బంధువులలో ఎవరైనా ప్రభుత్వ సంస్థలో కాంట్రాక్టు కింద పనిచేస్తుంటే, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ఆ ఏజెన్సీ ఒప్పందం నకలు అడగండి. ముప్పయి రోజులలో ఇవ్వాలి. అందులో యూనిఫాం షరతు ఉన్నదా లేదా చూడండి. ఉండీ జీతంలో కోత పడితే, కాంట్రాక్టరు తక్కువగా చెల్లించిన జీతానికి అసలు యజమాని, అంటే ఆ ప్రభుత్వ సంస్థ, జవాబుదారీ వహించవలసి ఉంటుంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉన్న ఈ సూత్రం కొత్త కోడ్‌లోనూ ఉంది.

స్త్రీల విషయంలో ఒక మాట. మన ఆడపిల్లల తలమీది గుడ్డ గురించి గత కొన్నేళ్ళుగా దేశమంతా మాట్లాడింది, ఈ పత్రిక కూడా ఎన్నో పేజీలు రాసింది. రాయవలసిందే. కానీ ఆ పిల్ల ఆస్పత్రిలోనో బట్టల షోరూములోనో పనికి చేరినప్పుడు ఒంటిమీది మిగతా బట్ట ఎవరు కొన్నారని మనలో ఎవరూ అడగలేదు. పొట్టి చేతుల జాకెట్టు ఇస్తారు. పొడుగు చేతులు కావాలంటే మళ్ళీ కుట్టించుకో, అదీ నీ డబ్బుతోనే అంటారు. స్కార్ఫ్ ఆమె సొంతం, దానిని ఆమే కొనుక్కుంటుంది, ఎవరినీ అడగదు. కానీ యజమాని పెట్టమన్న యూనిఫామే ఒంటికి సరిపడేలా కుట్టించి ఇవ్వవలసిన బాధ్యత యజమానిదే. లావుపాటి గార్డుకు పెద్ద సైజు ఇస్తారు గదా, దానికి అదనంగా వసూలు చేయరు గదా. మోచేతి దాకా అదనపు బట్టకు మాత్రం ఎందుకు వసూలు చేయాలి?

ఇక చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పక తప్పనిది. ఈ పని బయటివారే చేస్తున్నారని కాదు. మా ప్రాంతంలో మనవారే నడిపే ఒక పాఠశాల ఉంది. పేరు రాయను. అక్కడ టీచర్లుగా పనిచేసే అమ్మాయిలకు నెలకు ఎనిమిది వేలు కూడా ముట్టవు. ఏటా జూన్‌లో కొత్త రంగు చీరో, చుడీదారో, దానిమీద పాఠశాల గుర్తున్న కోటో తప్పనిసరి. డబ్బు మొదటి నెల జీతంలో పట్టుకుంటారు. సెలవులలో జీతం లేదు గనుక జూన్‌లో వచ్చే మొదటి జీతం కోసం రెండు నెలలు ఎదురుచూసిన ఇల్లు అది. యాజమాన్యంలోని పెద్దమనిషిని, నాకు మంచి స్నేహితుడిని, అడిగాను. "క్రమశిక్షణ కోసం భాయ్" అన్నాడు. క్రమశిక్షణ పాఠశాలకు కావాలి గనుక ఖర్చు కూడా పాఠశాలే పెట్టుకోవాలి గదా అన్నాను. మైనారిటీ సంస్థల స్వయంప్రతిపత్తి గురించి మాట్లాడాడు. రాజ్యాంగం 30వ అధికరణం మనకు ఇష్టమైన విద్యాసంస్థలు నెలకొల్పి నడుపుకునే హక్కు ఇచ్చింది. టీచరు జీతంలో చీర ఖరీదు పట్టుకునే హక్కు దానిలో ఎక్కడుందో నాకు కనిపించలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు అతను నాకు సలాం చేయలేదు. ఇప్పుడు చేస్తున్నాడు. చీర కోత మాత్రం ఇంకా ఉంది.

చిన్న యజమానుల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. ఇద్దరు పనివాళ్ళున్న కిరాణా కొట్టు, నాలుగు టేబుళ్ళ హోటలు. వారిని యూనిఫాం పెట్టమని ఏ చట్టమూ బలవంతం చేయడం లేదు. కావాలనుకుంటే కొని ఇస్తారు, ఖర్చనుకుంటే మానేస్తారు. కుర్రవాళ్ళు నెల తిరక్కుండా యూనిఫాంతో సహా మాయమవుతారని ఏజెన్సీలవారు అంటారు. నిజమే, అవుతారు. అటువంటప్పుడు తిరిగి ఇవ్వని బట్ట ఖరీదు గురించి అడగడం వేరు, ఇంకా పనిలో చేరని మనిషి దగ్గర ముందుగానే మొత్తం రాబట్టడం వేరు. ఒకడు వదిలివెళ్ళిన చొక్కాను ఇస్త్రీ చేసి మరొకడికి మళ్ళీ పూర్తి ధరకు అంటగట్టిన సంగతులు కూడా విన్నాను.

మా కమిటీలో అసలైన అభ్యంతరం ఇది కాదు. "ఫిర్యాదు చేస్తే పిల్లవాడి పని పోతుంది. పదిమందికి తెలిస్తే మన పిల్లలను ఎవరూ చేర్చుకోరు" అన్నారు ఒక పెద్దాయన. ఆ భయాన్ని నేను తీసిపారేయలేను. మనవాళ్ళకు పని దొరకడమే కష్టమైన రోజులివి. పేరు వినగానే ఖాళీ లేదనే చోట్లు ఎన్నో ఉన్నాయి. కానీ ఆ భయాన్నే నమ్ముకుని కోత విధిస్తున్నారు. పని పోతుందన్న భయం లేనివాడి దగ్గర ఎవరూ యూనిఫాం డబ్బు అడగరు. కలెక్టరు ఆఫీసు డ్రైవరును అడిగారా?

దారి ఉంది. కోడ్ 45వ సెక్షన్ ప్రకారం అక్రమ కోత మీద క్లెయిము వేయడానికి మూడేళ్ళ గడువుంది. పాత చట్టంలో పన్నెండు నెలలే ఉండేది. అంటే పనిలో ఉండగా భయపడినవాడు పని మారిన తర్వాత కూడా అడగవచ్చు. ఎంతమంది పనివారి తరఫునైనా ఒకే దరఖాస్తు వేయవచ్చు. ఒక్కడు ముందుకు వస్తే వాడే గురి అవుతాడు, ఇరవై మంది కలిస్తే కారు. క్లెయిము చేసిన మొత్తమే కాక దానికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం కూడా ఆ అధికారికి ఉంది. అన్నింటికీ మించి, జీతం సరిగా చెల్లించామని రుజువు చేయవలసిన భారం యజమాని మీద ఉంది. దరఖాస్తు పనివాడు గానీ, అతను సభ్యుడైన రిజిస్టర్డ్ కార్మిక సంఘం గానీ, ఇన్‌స్పెక్టరు గానీ వేయాలి. మసీదు కమిటీ వేయడానికి వీలులేదు. మనం చేయగలిగింది కాగితాలు పోగుచేయడం. రసీదు, జీతపు చీటీ, బ్యాంకు పాస్‌బుక్కు పేజీ, యూనిఫాం కొనమని సూపర్‌వైజరు పంపిన వాట్సాప్ సందేశం. వీటిని దాచుకోమని పిల్లలకు చెప్పడం. తర్వాత వారిని ఒక కార్మిక సంఘం దగ్గరకు తీసుకువెళ్ళడం. ఆ సంఘంలో మనవాళ్ళు తక్కువ ఉంటారని వెనకాడవద్దు. మా ఊళ్ళో నేను వెళ్ళిన సంఘం ఆఫీసులో నాకు ఛాయ్ ఇచ్చిన మనిషి, వారి దగ్గర ఇటువంటివే నలభై మంది పేర్లు ఉన్నాయన్నాడు. వారిలో ముస్లింలు ఏడుగురు.

ఆ కుర్రవాడు ఇంకా ఆ గేటు దగ్గరే పనిచేస్తున్నాడు. మొదట తల్లి ఒప్పుకోలేదు. మరో ఆరుగురు కలిశాక ఒప్పుకుంది. సంఘం తరఫున దరఖాస్తు వెళ్ళింది, విచారణ తేదీ రావలసి ఉంది. డబ్బు తిరిగి వస్తే కమిటీకి జమ కట్టించాలని నేనన్నాను. మా మౌల్వీసాబ్ కుదరదన్నారు. జకాత్ ఒకసారి హక్కుదారు చేతికి చేరితే అది అతని సొంతమట, వచ్చిన మొత్తం ఆ పిల్లవాడిదేనట. సరే అన్నాను. రిజిస్టరులో 'ఉపాధి సహాయం' అన్న మాట పక్కన ఎర్ర సిరాతో 'ఏజెన్సీ చెల్లించవలసినది' అని రాసి, తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టాను. మిగిలిన పదకొండు పద్దుల దగ్గర కూడా అదే రాయాలని వచ్చే సమావేశంలో తీర్మానం పెడుతున్నాను.